డిస్కు వ్రాతలో జాప్యము

రుసుము చెల్లించుటకు ఇటీవల ఒక కార్యాలయానికి వెళ్ళి, తెరమీద తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ అరగంట కూర్చున్నాను. "సర్వరు బిజీ" అన్న మాట తప్ప వేరు సమాధానం రాలేదు. ఇట్టి జాప్యానికి కారణాలు పలు. వానిలో సామాన్యంగా మన దృష్టికి రానిది డిస్కు మీద జరిగే వ్రాత. మన సాగుభూముల లెక్కలు 2020లో ధరణిలోనికి, 2025లో భూభారతిలోనికి చేరినవి గనుక, ఈ సంగతి శ్రోతలు కొంత తెలుసుకొనదగినది.

వర్తకుడు బేరం కాగానే దానిని చిట్టాలో వ్రాసుకుంటాడు. ఆవర్జాలో ఖాతాల వారీగా ఎక్కించడం దీపాలు పెట్టిన తరువాత పని. డేటాబేసు పద్ధతియు ఇదే. ప్రతి మార్పునూ మొదట లాగ్ అనే చిట్టాలో వ్రాస్తుంది. అది డిస్కు మీద పడినట్లు రూఢి అయిన తరువాతనే "ముగిసినది" అంటుంది. అసలు పుటలు మెమరీలో మారి, తీరికగా డిస్కుకు చేరుతవి. మరుక్షణమే కరెంటు పోయినా చిట్టా చూచి ఆవర్జాను సరిచేయవచ్చును. ఈ విధానాన్ని సమగ్రంగా వివరించిన 'ఏరీస్' వ్యాసం 1992లో వెలువడింది. దాని ప్రథమ రచయిత సి. మోహన్ గారు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు.

చిక్కు ఎక్కడ? నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు మాత్రమే తిరుగగలదు. ప్రతి పద్దూ ఒక చుట్టు కోసం వేచి ఉంటే, సెకనుకు 120 పద్దులకు మించి సాగవు. కనుక ఒకే సమయాన వచ్చిన పలు పద్దులను ఒక్క వ్రాతతో ముగిస్తారు. చిట్టాకు వేరే డిస్కు కేటాయిస్తారు. తిరిగే చక్రమే లేని ఎస్.ఎస్.డి. వచ్చిన తరువాత నిరీక్షణ మిక్కిలి తగ్గినది. అయితే కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్నదానిని నిలుపుకొనే కెపాసిటరు అందులో ఉన్నదా అని విచారించి కొనవలెను.

పానగల్ వెళ్ళినవారు ఉదయసముద్రాన్ని చూచే ఉంటారు. కందూరు చోడుల నాటి ఆ చెరువుకు నేడు నాగార్జునసాగరం నుండి పుట్టంగండి పంపుల మీదుగా కృష్ణా జలం వస్తున్నది. నీరు వచ్చే వేగం, పారే వేగం ఎన్నడూ ఒకటి కావు. చెరువు ఉన్నది అందుకే. కాని ఏ చెరువుకైనా తూములు మూసి ఉంచి, నిండిన తరువాత ఒక్కసారిగా వదిలితే దిగువ పొలాల గతి ఏమి? సర్వరులోను అంతే. లినక్స్ వ్యవస్థ మామూలు అమరికలో, వ్రాయవలసిన పుటలు అందుబాటులోని మెమరీలో పదవ వంతు అయినప్పుడు నేపథ్యంలో వ్రాత మొదలుపెడుతుంది. ఐదవ వంతుకు చేరితే, వ్రాసే ప్రోగ్రామునే ఆపి పాత బాకీ తీర్చుమంటుంది. 128 గిగాబైట్ల మెమరీలో పదవ వంతంటే సుమారు 12 గిగాబైట్లు. సెకనుకు 200 మెగాబైట్లు వ్రాసే డిస్కుకు అది నిమిషం పని. అంతవరకు కొత్త పద్దు గుమ్మంలోనే! అందుచేత అనుభవజ్ఞులు ఈ హద్దును శాతాలలో గాక కొన్ని వందల మెగాబైట్లుగా నిర్ణయించి, తూమును ముందే కొద్దిగా తెరిచి ఉంచుతారు.

పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ డేటాబేసు ఐదేసి నిమిషాలకు, చిట్టా బాగా పెరిగితే ఇంకా ముందే, మారిన పుటలన్నిటినీ డిస్కుకు చేర్చుతుంది. పూర్వం ఆ పనిని వ్యవధిలో సగానికే ముగించేది. 2021లో వచ్చిన 14వ కూర్పు నుండి పదింట తొమ్మిది వంతుల వరకు పరచుతున్నది. వ్యవధిని పెంచితే వ్రాత ఇంకా తేలిక అవుతుంది గాని, యంత్రం పడిపోతే లేచి కోలుకొనుటకు ఎక్కువ కాలం పడుతుంది.

దగ్గరి దారి ఒకటి కలదు. చిట్టా డిస్కుకు చేరకముందే "ముగిసినది" అనమని డేటాబేసుకు చెప్పవచ్చును. అప్పుడు యంత్రం కూలితే, మామూలు అమరికలో సెకనులో ఆరు పదవ వంతుల పద్దులు పోవచ్చును. పుటను ఎందరు చూచిరన్న లెక్కకు ఇది చాలు. భూమి పట్టాకు ఎవరు ఒప్పుకుంటారు? డిస్కుకు చేరినదా అని అడగడమే మానిపించే మీట మరొకటి ఉన్నది. దానితో ఆవర్జా మొత్తం చెడవచ్చును.

అడిగినా జవాబు నమ్మదగినది కావలెను. వ్రాత ఒకసారి విఫలమైన తరువాత, రెండవసారి అడిగితే లినక్స్ "సరే" అనవచ్చునని 2018లో పోస్ట్‌గ్రెస్ నిర్మాతలు గుర్తించారు. 2019 ఫిబ్రవరి నుండి ఆ డేటాబేసు రెండవసారి అడగదు. వెంటనే తానే ఆగిపోయి, చిట్టా మొదలుపెట్టి చదువుకుంటుంది.