లక్ష కిలోమీటర్లు తిరిగిన బ్యాటరీ

దసరా సెలవులకు ముందు పదో తరగతి చదివే ఒక అమ్మాయి కాగితం ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఏదో లెక్క అర్థం కాలేదేమో అనుకున్నాను. అది లెక్కే, కాని పుస్తకంలోది కాదు.

"మాస్టారూ, మా నాన్న టాక్సీకి కరెంటు కారు కొందామనుకుంటున్నారు. కొత్తది కాదు. నాలుగేళ్లలో లక్షా ఇరవై ఆరు వేల కిలోమీటర్లు తిరిగిందట. ఈపాటికి బ్యాటరీ పోయే ఉంటుంది, వద్దని మా బాబాయి అంటున్నాడు. మీరేమంటారు?"

వాళ్ల నాన్న చీటీ పాడిన డబ్బుకు కొంత అప్పు కలిపి ఆ కారు కొనబోతున్నారు. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రెండుసార్లు వెళ్లి రావాలి. మధ్యలో ఛార్జింగుకు ఆగకుండా 150 కిలోమీటర్లు నడిస్తే కిరాయి గిట్టుతుంది. నడవకపోతే కారు ఇంటి ముందుంటుంది, అప్పు నెత్తి మీదుంటుంది. ఆ కాగితం మీద అమ్మేవాడు చెప్పిన వివరాలున్నాయి: బ్యాటరీ 30 యూనిట్లు, కొత్తలో కంపెనీ చెప్పిన దూరం 300 కిలోమీటర్లు, ఇప్పుడు "తేలిగ్గా 250 వస్తుంది".

"కిలోమీటర్లు చూసి బ్యాటరీ వయసు చెప్పలేం తల్లీ. రెండు రోజులు ఆగు" అన్నాను. ఆ రెండు రోజులూ మేమిద్దరం కూర్చుని తెలుసుకున్న సంగతులు మీకూ చెబుతాను.

బ్యాటరీ లోపల మీగడ

పెట్రోలు కారులో టాంకు 40 లీటర్లు పట్టేదైతే పదేళ్ల తర్వాత కూడా 40 లీటర్లే పడుతుంది. బ్యాటరీ అలా కాదు. అది ఏటేటా కొద్దికొద్దిగా కుంచించుకుపోయే టాంకు. ఎందుకలా అవుతుంది?

కారులో ఉండేదీ, మీ ఇంట్లో సెల్‌ఫోనులో ఉండేదీ ఒకే జాతి బ్యాటరీ. దాన్ని లిథియం అయాను బ్యాటరీ అంటారు. 1991లో జపాను దేశపు సోనీ కంపెనీ దీన్ని మొదటిసారి బజారులోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైటు ఉంటుంది. అంటే మీ పెన్సిలు ములుకులో ఉండే పదార్థమే. రెండోవైపు లిథియం కలిసిన లోహ సమ్మేళనం ఉంటుంది. మధ్యలో ఒక ద్రవం. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ద్రవంలోంచి ఈది వచ్చి గ్రాఫైటు పొరల మధ్య దూరి కూర్చుంటాయి. కారు నడిచేటప్పుడు అవి తిరిగి తమ చోటికి పోతాయి. అదే సమయంలో ఎలక్ట్రానులు బయటి తీగ గుండా, మోటారు గుండా ప్రయాణిస్తాయి. అలా రాకపోకలు చేయగల లిథియం ఎంత మిగిలి ఉంటే బ్యాటరీ సామర్థ్యం అంత.

కాచిన పాల మీద మీగడ కట్టడం మీరు చూశారు కదా! సరిగ్గా అలాగే, మొట్టమొదటిసారి ఛార్జి చేసినప్పుడే గ్రాఫైటు మీద ఒక పలుచని పొర కడుతుంది. ద్రవమూ కొంత లిథియమూ కలిసి ఆ పొరగా మారతాయి. ఇది చెడ్డదేమీ కాదు. ద్రవం గ్రాఫైటును తాకి మరింత పాడవకుండా ఈ పొరే కాపాడుతుంది. అది లేకపోతే ఈ బ్యాటరీయే లేదు. కాని పొరలో చిక్కుకున్న లిథియం మాత్రం మళ్లీ పనికి రాదు. ఏళ్లు గడిచిన కొద్దీ పొర మందమవుతుంది, లిథియం తరుగుతుంది.

ఇందులో ఒక చక్కని గణితం ఉంది. పొర మందమయ్యేకొద్దీ ద్రవం దాన్ని దాటి రావడం కష్టం. కాబట్టి పొర పెరిగే వేగం తగ్గుతుంది. పొర మందం కాలానికి వర్గమూలంగా పెరుగుతుందని స్థూలంగా చెప్పవచ్చు. పొర వల్ల మొదటి ఏడు 3 శాతం పోయిందనుకుందాం. నాలుగేళ్లకు పోయేది 12 శాతం కాదు, 6 శాతం. తొమ్మిదేళ్లకు 9 శాతం. వర్గమూలాలు దేనికి పనికొస్తాయని తరగతిలో నన్నడిగిన వాళ్లకు ఇదొక జవాబు.

ఈ పొర కారు నడిచినా పెరుగుతుంది, నిలబడి ఉన్నా పెరుగుతుంది. వేడి తగిలితే జోరుగా పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని చదువుకున్నారు కదా! నిండుగా ఛార్జి చేసి ఎండలో రోజుల తరబడి వదిలేస్తే మరీ జోరు.

ఇక తిరగడం వల్ల వచ్చే అరుగుదల వేరు. లిథియం దూరినప్పుడు గ్రాఫైటు సుమారు 10 శాతం ఉబ్బుతుంది, పోయినప్పుడు ముడుచుకుంటుంది. ఇలా వందలసార్లు ఉబ్బి ముడుచుకుంటే పగుళ్లు వస్తాయి. పగులులో కొత్త గ్రాఫైటు బయటపడుతుంది, దాని మీద మళ్లీ మీగడ కడుతుంది. అంటే బ్యాటరీకి రెండు వయసులన్నమాట. గడిచిన కాలానిది ఒకటి, తిరిగిన తిరుగుడుది ఇంకొకటి. మీటరు మీద కిలోమీటర్ల అంకె చూపేది రెండోదాన్ని మాత్రమే.

ఫీనిక్సు ఎండలు

మొదటి వయసు ఎంత బలమైనదో ఫీనిక్సు నగరంలో తేలింది. ఇది అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో, ఎడారిలో ఉంది. జులైలో అక్కడ పగటి ఉష్ణోగ్రత సగటున 41 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటుంది. మన రెంటచింతల వాళ్లు దీనికి ఆశ్చర్యపోరనుకోండి.

2010 డిసెంబరులో నిస్సాన్ కంపెనీ లీఫ్ అనే కారును అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. 24 యూనిట్ల బ్యాటరీ. అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం ఒక ఛార్జికి 73 మైళ్లు, అంటే 117 కిలోమీటర్లు నడుస్తుంది. బ్యాటరీని చల్లబరచడానికి ద్రవం తిరిగే గొట్టాలు గాని, పంకా గాని పెట్టలేదు. బ్యాటరీ సామర్థ్యం చూపడానికి డ్రైవరు ముందు 12 గీతలుండేవి. 2012 వేసవి వచ్చేసరికి, కొని రెండేళ్లు కూడా నిండకముందే, ఫీనిక్సులో పలువురి కార్లలో ఆ గీతలు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి.

అప్పుడు ఆ కార్ల యజమానులు చేసిన పని నాకెంతో నచ్చింది. వాళ్లు ఫిర్యాదు చేసి ఊరుకోలేదు. 2012 సెప్టెంబరులో ఒక రాత్రి 12 కార్లు తెచ్చి, నిండుగా ఛార్జి చేసి, ఒకే దారిలో ఒకే వేగంతో, గంటకు సుమారు 100 కిలోమీటర్లతో, ఆగిపోయేదాకా నడిపారు. కొత్త కారైతే సుమారు 135 కిలోమీటర్లు పోవాలి. వీటిలో బాగా నడిచినది దాదాపు 128 కిలోమీటర్లు పోయింది, అన్నిటికంటే వెనుకబడినది 95 దగ్గరే ఆగింది. దారి, వేగం, రాత్రి మారలేదు, బ్యాటరీలే మారాయి. మీరు ప్రయోగశాలలో ఒక్క అంశాన్ని తప్ప మిగతావన్నీ స్థిరంగా ఉంచుతారే, ఇదీ అంతే.

బ్యాటరీలలో లోపం లేదనీ, అంత వేడిలో ఇది ఊహించినదేననీ కంపెనీ చెప్పింది. ఫీనిక్సులో కారు సగటున ఏడాదికి 7,500 మైళ్లు తిరుగుతోందనీ, అయిదేళ్లకు సామర్థ్యం 76 శాతానికి దిగవచ్చనీ లెక్క చెప్పింది. ఆ డిసెంబరులోనే హామీ కూడా పెంచింది: అయిదేళ్లలో, 60,000 మైళ్ల లోపు 9 గీతల కంటే తగ్గితే బాగుచేసి ఇస్తామన్నది. తర్వాత వేడికి ఓర్చుకునేలా బ్యాటరీ రసాయనాన్నీ మార్చింది.

ఇప్పుడు మా విద్యార్థిని వేసిన లెక్క చూడండి. 7,500 మైళ్లంటే 12,000 కిలోమీటర్లు. ఛార్జికి 117 చొప్పున ఏడాదికి సుమారు 100 నిండు ఛార్జీలు. అంటే ఆ బ్యాటరీలు ఎక్కువ తిరిగి ముసలివి కాలేదు, ఎండకు ముసలివయ్యాయి.

దీనికి ఎదురుగా టెస్లా కార్లను పెట్టండి. వాటి బ్యాటరీలో గొట్టాల గుండా ద్రవం తిరుగుతూ వేడిని లాగేస్తుంది. వాటిలో రెండు పెద్ద రకాలు రెండు లక్షల మైళ్లు, అంటే 3,20,000 కిలోమీటర్లు తిరిగాక సగటున 12 శాతం సామర్థ్యమే కోల్పోయాయని ఆ కంపెనీ ప్రకటించింది. ఛార్జికి 400 కిలోమీటర్ల చొప్పున 800 నిండు ఛార్జీలు! అమ్మేవాడి లెక్కను కాస్త తగ్గించి వినడం మంచిదే. కాని జియోటాబ్ అనే కెనడా కంపెనీ వేలాది కార్ల లెక్కలు తీసి 2020లో ఇలాంటి తేడానే చూపించింది: 2015 నాటి లీఫ్ ఏడాదికి సగటున 4.2 శాతం, అదే ఏటి టెస్లా మోడల్ ఎస్ 2.3 శాతం కోల్పోయాయట.

ఇదంతా విని ఆ అమ్మాయి వాళ్ల నాన్నకు రెండు ప్రశ్నలు రాసిచ్చింది. బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందా? నాలుగేళ్లూ కారును ఎక్కడ నిలిపారు? ఏర్పాటు ఉంది. రాత్రిళ్లు రేకుల షెడ్డులో, పగలంతా రోడ్డు మీద. లక్షా ఇరవై ఆరు వేల కిలోమీటర్లంటే ఛార్జికి 200 చొప్పున 630 నిండు ఛార్జీలు. భయపడాల్సిన అంకె కాదు.

300 ఎందుకు రాదు?

బ్యాటరీ కొత్తదైనా కంపెనీ చెప్పిన దూరం రోడ్డు మీద రావడం అరుదు. ఆ అంకె ప్రయోగశాలలో, ఉరుళ్ల మీద చక్రాలు తిప్పి, ఒక నిర్ణీత వేగాల పట్టిక ప్రకారం తీసినది. ఉదాహరణకు 2020లో వచ్చిన టాటా నెక్సాన్ కరెంటు కారుకు 30.2 యూనిట్ల బ్యాటరీతో 312 కిలోమీటర్లని ధ్రువపత్రం ఇచ్చారు. నడిపిన వాళ్లకు వచ్చింది 200కు అటూ ఇటూ. మోసమా అంటే కాదు. వేగం, ఏసీ, రోడ్డు వేరు.

మనమే లెక్క వేద్దాం. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు. 30 యూనిట్లు 10 కోట్ల 80 లక్షల జౌళ్లు. అందులో 85 శాతం చక్రాలకు చేరిందనుకుంటే సుమారు 9 కోట్ల 20 లక్షలు. మనుషులతో సహా 1,700 కిలోల కారుకు చక్రాల దగ్గర నిరోధం సుమారు 165 న్యూటన్లు. ఇది వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం అలా కాదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 80 న్యూటన్లుంటే 100 వేగంలో 320. మొత్తం మొదట 245, తర్వాత 485. పనిని బలంతో భాగిస్తే దూరం వస్తుంది కదా! 50 వేగంలో సుమారు 375 కిలోమీటర్లు, 100 వేగంలో 190. అదే కారు, అదే బ్యాటరీ!

అలాగని మరీ నెమ్మదిగా పోయినా లాభం లేదు. ఏసీ గంటకు ఒక యూనిట్ తాగుతుందనుకోండి. బెంజి సర్కిలు రద్దీలో గంటకు 20 కిలోమీటర్లు నడిస్తే, ప్రతి 20 కిలోమీటర్లకూ ఒక యూనిట్ చల్లదనానికే పోతుంది.

మీటరుతో పరీక్ష

ఇక మిగిలింది ఒక్కటే: ఇప్పుడు ఆ టాంకు ఎంత? అమ్మేవాడు ఒప్పుకున్నాడు. కారును 10 శాతం ఛార్జికి దించి, సబ్ మీటరున్న 15 ఆంపియర్ల ప్లగ్గుకు రాత్రి తగిలించారు. తెల్లారి 100 శాతం అయ్యేసరికి మీటరు మీద 27 యూనిట్లు తిరిగాయి. గోడ నుంచి బ్యాటరీకి చేరేలోపు వేడిగా పోయేది 12 శాతం అనుకున్నాం. చేరింది 23.8 యూనిట్లు. అది 90 శాతమైతే పూర్తి సామర్థ్యం 26.4. కొత్తలో 30. అంటే 88 శాతం మిగిలింది. ఆ 10 శాతం అన్నది కూడా కారు తెర మీద చూపిన అంచనాయే కాబట్టి, చేతిలో కొంత ఉంచుకుని 26 అని రాసుకున్నాం.

(మీలో ఎవరైనా చేయదలిస్తే మీటరు చదవడం వరకే చేయండి. బ్యాటరీ మూత జోలికి పోవద్దు. లోపల 300 వోల్టుల పైమాటే.)

26 యూనిట్లతో, ఏసీ కూడా కలుపుకుని, 80 వేగంలో 195 కిలోమీటర్లు, 100 వేగంలో 150 వచ్చింది మా లెక్క. చివరి 15 శాతం వాడకుండా ఉంచితే మొదటిది 165, రెండోది 128. వాళ్ల నాన్న కాగితం చాలాసేపు చూశారు. "అయితే ఎనభై దాటకూడదన్నమాట, మాస్టారూ" అన్నారు. తర్వాత అదే కాగితం అమ్మేవాడి ముందు పెట్టి, 250 మాట ఎత్తి, ధర కొంత తగ్గించి కొన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టింది. రోజూ ఎన్ని యూనిట్లు ఎక్కాయి, ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఆరోజు ఎండ ఎంత అని మూడు గళ్లు. సంక్రాంతి దాకా యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో అది 6కు దిగింది. ఏసీ వల్లనా, బ్యాటరీ తగ్గినందువల్లనా అని అడిగింది. ఒక తెల్లవారుజామున ఏసీ ఆపి నడిపి రాసుకురమ్మన్నాను.