తాతయ్య గోడ, మా ఫోమ్ ముక్క

కైకలూరు దగ్గర మా మావయ్య చేపల ప్యాకింగ్ చేయిస్తాడు. ఐసు, చేపలు నింపిన థర్మాకోల్ పెట్టె లారీకి ఎక్కించేటప్పుడు మూల విరిగిందంటే నీళ్ళు కారిపోతాయి, సరుకు పాడవుతుంది. "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, విరగని పెట్టె చేసి పెట్టరా" అన్నాడు పోయిన సంక్రాంతికి. అప్పుడు నవ్వేశాను. తర్వాత అదే మా మినీ ప్రాజెక్టు అయింది.

థర్మాకోల్‌లో సుమారు 98 శాతం గాలే. మిగిలింది పాలిస్టైరీన్, అదీ పల్చటి గోడలుగా. అందుకే అంత తేలిక, అందుకే చల్లదనాన్ని నిలుపుతుంది. పగులు మొదలైతే ఆపే దిక్కు లేనిదీ అందుకే.

మరి బరువు పెద్దగా పెరగకుండా పగులును ఆపేదెలా? జవాబు తాతయ్య పాత మట్టింట్లో దొరికింది. గోడకి మట్టి తొక్కేటప్పుడు వరిగడ్డి ముక్కలు కలిపేవారు. "గడ్డి వెయ్యకపోతే ఎండకి గోడ బీటలు వారుద్దిరా" అంటాడాయన. పగులు వచ్చినా గడ్డిపరక రెండు అంచుల్నీ పట్టుకుని ఉంటుంది. పగులు ఇంకా తెరుచుకోవాలంటే ఆ పరకని మట్టిలోంచి ఊడలాగాలి. ఆ రాపిడికి బోలెడు శక్తి ఖర్చవుతుంది. ఫోమ్‌లో పొట్టి నార చేసే పనీ ఇదే.

అయితే ఫోమ్‌కి కొన్ని పేచీలున్నాయి. నార ఒక్క బుడగంత కూడా లేకపోతే దేన్నీ పట్టుకోలేదు. కనీసం కొన్ని బుడగల గోడల్ని దాటి పోవాలి. మరీ పొడవైతే ఉండలు కడుతుంది. ఎక్కువ వేస్తే ద్రవం చిక్కబడి ఫోమ్ పొంగదు, బరువూ పెరుగుతుంది.

ల్యాబ్‌లో తేలిగ్గా పోసుకోవచ్చని మేము గట్టి పాలీయురేథేన్ ఫోమ్ తీసుకున్నాం. రెండు ద్రవాలు కలిపితే అదే పొంగుతుంది. అందులో గోగునార సన్నగా కత్తిరించి వేశాం. మొదటి ముక్క చూసి ఏడుపొచ్చింది. లోపలంతా ఎగుడుదిగుడు బొక్కలు! తప్పు నారలోని తేమది. నీళ్ళు తగిలితే ఐసోసైనేట్ చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. మేము కోరని చోటల్లా బుడగలు లేచాయి.

రెండోసారి నారని ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, తక్కువగా వేశాం. నార లేని ముక్కని వంచితే టప్పున రెండైంది. నార ఉన్నది కూడా పగిలింది గానీ విడిపోలేదు. పగులులో పీచులు సాగి, రెండు సగాల్నీ పట్టుకుని వేలాడాయి.

మావయ్య పెట్టె మాత్రం ఇంకా కాలేదు. పాలీయురేథేన్ థర్మాకోల్ కన్నా ఖరీదు, పైగా చేపల పెట్టెలో ఎప్పుడూ నీళ్ళే, నారకి అవి పడవు. ప్రస్తుతానికి ఆయన మూలలకి టేపు చుట్టిస్తున్నాడు. నేను మాత్రం ఆ ముక్కని దాచుకున్నాను.