నూరుటయా, వేపుటయా?

ఆంగ్లమున ‘మల్ ఓవర్’ అను క్రియ యొకటి కలదు. ఒక విషయమును త్వరపడక మనస్సున పలుమారులు త్రిప్పి చూచుట దాని యర్థము. 19వ శతాబ్ది యుత్తరార్ధమున నమెరికాలో నిది వాడుకకెక్కినది. పొడిచేయుట యను నర్థముగల ప్రాచీనపదమునుండి పుట్టినదని పలువురి యూహ. రంగులు నూరు రాతికి చిత్రకారులు నేటికిని ‘మల్లర్’ అనియే యందురు. వైద్యుడు కల్వమున మందు నూరుట చూచినవారి కీ యుపమానము సుగమము.

దీనికి మన ‘నెమరువేయుట’ సరిపడదు. అది గడచినదానిని గూర్చినది. ‘తర్జనభర్జన’ కొంత దగ్గర. తర్జనమన బెదరించుట, భర్జనమన వేపుట! మనవారు నూరుటకు మారుగా వేపుదురు కాబోలు.

ఇటీవల మన దేశపు టాంగ్లపత్రికలు ‘ఓవర్’ను తీసివైచి, ప్రభుత్వము ‘మల్స్’ అని శీర్షికలు పెట్టుచున్నవి. పేరు చెప్పని యధికారి పలికిన మాటకును, మంత్రివర్గము ముందున్న ప్రతిపాదనకును అదే పదము. తెలుగు పత్రికలు దానినే ‘యోచన’ యని దించుచున్నవి. పన్ను పెంచ యోచన, భూములు సేకరింప యోచన! చదివిన రైతు విత్తనములు చల్లవలెనా, మానవలెనా? కల్వమున మందు పడినదా, నూరువారెవరు, ఈ రెండును శీర్షిక క్రిందనైన వ్రాయుడని తోడి పత్రికలను మేము కోరుచున్నాము.