కోరస్‌లోంచి రికార్డు మీదకి!

కోరస్‌లో పాడే గొంతుకి పేరుండదు. పదిమందిలో ఒకటి, అంతే! అలాంటి గొంతుని బయటికి లాగి, "ఇదిగో, పాడింది ఇతనే" అని జనానికి చెప్పేదెవరు? సినిమావాళ్లే అనుకుంటాం. నన్నడిగితే ఆ పనిలో రికార్డు కంపెనీది పెద్ద చెయ్యి.

అమెరికాలో మోటౌన్ కంపెనీవారి ఎత్తు చూడండి. 'సుప్రీమ్స్' అని ముగ్గురమ్మాయిల బృందం ఉండేది. 1967లో దాని పేరు 'డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్' అయిపోయింది! మూడేళ్లు తిరక్కుండా, 1970లో డయానా విడిపోయి సొంతంగా పాడేనాటికి ఆ పేరు అందరి నోళ్లలోనూ నానుతోంది. మిగతా ఇద్దరి పేర్లు మీలో ఎందరికి తెలుసు?

మన ఘంటసాల మాస్టారి సంగతికొద్దాం. విజయనగరంలో మధూకరం ఎత్తుకు తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్న మనిషి. మద్రాసు వెళ్లాక 1944లో 'సీతారామ జననం'లో ఆయనకి దక్కిందేమిటి? కోరస్! ఆ గొంతుని పట్టుకుని హెచ్.ఎం.వి.లో ప్రైవేటు పాటలు రికార్డు చేయించింది పేకేటి శివరాం. అవును, తర్వాత నటుడిగా మనం చూసిన పేకేటే!

కిటుకంతా ఆ 'ప్రైవేటు'లోనే ఉంది. సినిమా రికార్డుని సినిమా పేరు అమ్ముతుంది, హీరో ముఖం అమ్ముతుంది. 1949లో 'మహల్' రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు బదులు 'కామిని' అని పాత్ర పేరు అచ్చేశారంటే చూడండి మరి! ప్రైవేటు రికార్డుకి హీరో లేడు, కథ లేదు. దాన్ని మోయాల్సింది పాడినవాడి పేరే. కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' పద్యాలు అలాగే ఇల్లిల్లూ తిరిగాయి. ఇక 'నమో వెంకటేశా' సంగతి పెద్దవాళ్లనడగండి. టూరింగ్ టాకీసులో ఆ పాట మోగిందంటే ఆట మొదలవబోతోందని లెక్క. గబగబా పరిగెత్తేవారట! తెరమీద ఏ హీరో బొమ్మా పడకముందే వినిపించే గొంతు. కంపెనీకి కానీ ఖర్చులేని ప్రచారం!

1974 ఫిబ్రవరిలో మాస్టారు పోయాక విడుదలైన భగవద్గీత కూడా సినిమాతో సంబంధం లేనిదే.

పోయినేడు శ్రీకాకుళం వైపు ఒక తీర్థంలో తప్పెటగుళ్లు చూశాను. ముందున్నతను పాట ఎత్తుకుంటే దళమంతా అందుకుంటోంది. ఏం గొంతండీ! ఆయన పేరేమిటని పక్కవాళ్లనడిగాను. దళం ఏ ఊరిదో చెప్పారు.