పెరట్లో చిన్న విండ్ టర్బైన్: న్యూజెర్సీ జోనింగ్ రూల్స్‌లో మెలిక ఎక్కడుంది?

(ఈ వారం వీడియోకి అక్షర రూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా మాటలు కొంచెం సర్దాం.)

సోలార్ మీద వీడియో చేశాక చాలామంది ఒకటే అడుగుతున్నారు. "పగలు ఎండ ఉంటుంది సరే, రాత్రి గాలి ఉంటుంది కదా, పెరట్లో ఒక చిన్న గాలిమర పెట్టుకుంటే పోదా?" అని. న్యూజెర్సీ నుంచి ఒకాయన ఇంకాస్త వివరంగా రాశారు. ఆయనకి ఎకరం స్థలం ఉందట. డీలర్ వచ్చి చూసి, ఎనభై అడుగుల టవర్ వేద్దాం, మన రాష్ట్రంలో టౌన్‌షిప్ వాళ్ళు కాదనడానికి లేదు, చట్టం ఉంది అని చెప్పి డిపాజిట్ అడిగాడట. కట్టమంటారా అని ప్రశ్న.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడే కట్టకండి. డీలర్ చెప్పిన చట్టం నిజంగానే ఉంది. కానీ ఆ చట్టంలోనే ఇంకో లైన్ ఉంది, ఆయన దాన్ని చెప్పలేదు. ఈ రోజంతా ఆ ఒక్క లైన్ గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక విషయం. అమెరికాలో మన స్థలంలో ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు కట్టొచ్చు అనేది వాషింగ్టన్‌లో తేలే విషయం కాదు. అది లోకల్ మునిసిపాలిటీ చేతిలో ఉంటుంది. న్యూజెర్సీలో అలాంటి మునిసిపాలిటీలు 564 ఉన్నాయి. ఎడిసన్‌లో ఉన్న రూల్ పక్క టౌన్‌లో ఉండాలని లేదు. మామూలుగా రెసిడెన్షియల్ జోన్ అంటే ఎత్తు 35 అడుగుల దగ్గర ఆపేస్తారు. ఇంటికి అది చాలు. గాలిమరకి చాలదు. మరి ఇంటి కోసం రాసుకున్న 35 అడుగుల రూల్‌నే పట్టుకుని ప్రతి టౌనూ టర్బైన్లని కాదంటే ఎలా? అందుకే 2010 జనవరిలో రాష్ట్రం ఒక చట్టం చేసింది. చిన్న విండ్ సిస్టమ్స్‌ని టౌన్‌లు అన్యాయంగా అడ్డుకోకూడదు అని.

అందులో ఏముందంటే, ఊళ్ళో ఏ జోన్‌లోనూ టర్బైన్ వద్దు అని మొత్తంగా నిషేధించకూడదు. మామూలు భవనాల కోసం రాసిన ఎత్తు రూల్‌ని తెచ్చి టర్బైన్‌కి తగిలించకూడదు. సరిహద్దు దగ్గర శబ్దం 55 డెసిబెల్స్ కంటే తక్కువే ఉండాలని పట్టుబట్టకూడదు. తుఫాను వచ్చినప్పుడో, కరెంట్ పోయినప్పుడో కాసేపు అది దాటినా సర్దుకోవాలి. ఇంతవరకూ అంతా మనవైపే ఉంది. డీలర్ చెప్పింది కూడా ఇంతవరకే.

ఇప్పుడు ఆ రెండో లైన్. సరిహద్దు నుంచి టర్బైన్ ఎంత దూరంలో ఉండాలి అన్నదానికి టౌన్ రూల్ పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ దూరం సిస్టమ్ ఎత్తులో 150 శాతం మించకూడదు. టౌన్ దీని మీద ప్రత్యేకంగా ఏమీ రాసుకోకపోతే అప్పుడూ అదే 150 శాతం పాటించాలి. మన ఊళ్ళో ప్లాన్ అప్రూవల్‌కి వెళ్తే ముందు అడిగేది సెట్‌బ్యాక్ ఎంత వదిలారు అనే కదా, ఇదీ అదే. కాకపోతే అక్కడ ఏదో కొన్ని అడుగులు వదులుతాం. ఇక్కడ ఎత్తుకి ఒకటిన్నర రెట్లు వదలాలి, అదీ నాలుగు వైపులా.

"సిస్టమ్ ఎత్తు" అన్న మాట కూడా జాగ్రత్తగా చూడండి. టవర్ ఎత్తు వేరు, సిస్టమ్ ఎత్తు వేరు. టవర్ ఎత్తు అంటే కదలకుండా నిలబడి ఉన్న స్తంభం వరకే. సిస్టమ్ ఎత్తు అంటే పైన ఉన్న టర్బైన్‌ని కూడా కలుపుకోవాలి. అంటే రెక్క నిటారుగా పైకి లేచినప్పుడు దాని కొస ఎక్కడుంటుందో అక్కడి వరకు. డీలర్ కాగితంలో 80 అడుగులు అని ఉంటే, పది అడుగుల రెక్క కలిపితే 90. సెట్‌బ్యాక్ లెక్క 90 మీద వేయాలి, అంటే 135 అడుగులు.

పెన్నూ కాగితం తీసుకోండి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మీ స్థలం సరిగ్గా చతురస్రంగా ఉందనుకుందాం, అంతకంటే మంచి ఆకారం దొరకదు. ఒక్కో వైపు దాదాపు 209 అడుగులు వస్తుంది. టవర్‌ని నట్టనడుమ పెట్టినా ఏ గోడకైనా 104 అడుగులే. దాన్ని ఒకటిన్నరతో భాగిస్తే 69. అంటే ఎకరం స్థలంలో రెక్క కొసతో సహా 69 అడుగులు దాటకూడదు. డీలర్ చెప్పిన ఎనభై అడుగుల స్తంభానికే అక్కడ చోటు లేదు. పైగా నట్టనడుమ ఇల్లు ఉంటుంది కదండీ!

వంద అడుగులకి వంద అడుగుల ప్లాట్ అయితే నడుమ నుంచి గోడకి 50 అడుగులు. ఒకటిన్నరతో భాగిస్తే 33. ఇంటి కప్పు ఎత్తు కూడా దాదాపు అంతే.

ఇంకోటి. ఎకరాలు ఎన్ని అన్నది కాదు, వెడల్పు ఎంత అన్నది ముఖ్యం. మాకు రెండెకరాలుంది అంటారు కొందరు. కానీ రోడ్డు వైపు 150 అడుగులు, లోపలికి 580 అడుగులు ఉన్న పొడుగు స్థలం అనుకోండి, అదీ రెండెకరాలే. గోడకి దూరం 75 అడుగులే దొరుకుతుంది. ఎత్తు 50 అడుగుల దగ్గర ఆగిపోతుంది. అదే రెండెకరాల పైచిలుకు, 300కి 300 చతురస్రంగా ఉంటే, సరిగ్గా 100 అడుగుల సిస్టమ్ పడుతుంది.

"సరే, అయితే పొట్టి టవర్ పెట్టుకుంటాం, నష్టమేంటి?" అంటారు. నష్టం అక్కడే ఉంది. గాలిలో ఉన్న శక్తి వేగానికి ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. తగ్గినప్పుడూ అంతే. వేగం 10 నుంచి 8కి పడిపోతే కరెంట్ సగానికి వచ్చేస్తుంది. నేలకి దగ్గరయ్యేకొద్దీ చెట్లు, ఇళ్ళు గాలిని ఆపుతాయి, చిందరవందర చేస్తాయి. అందుకే అమెరికా ఇంధన శాఖ వాళ్ళు ఒక బండ లెక్క చెప్తారు. టవర్ చుట్టూ 300 అడుగుల లోపల ఉన్న ఏ అడ్డు కన్నా కూడా రెక్కల కింది అంచు కనీసం 30 అడుగులు పైన ఉండాలి. న్యూజెర్సీలో పెరటి చెట్టు 50 అడుగులు ఉండటం వింతేమీ కాదు. 50కి 30 కలిపితే 80. అది రెక్క కింది అంచు మాత్రమే. పది అడుగుల రెక్క అయితే పై కొస 100కి వెళ్తుంది. అంటే గాలికి 100 అడుగులు కావాలి, మీ ఎకరం స్థలం 69 దగ్గర ఆపుతోంది. ఊరు వద్దనలేదు, చట్టం వద్దనలేదు. కొలత వద్దంటోంది.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు కూడా అడిగారు కాబట్టి ఒక్క మాట. అక్కడ కొన్ని హద్దుల్లో ఉంటే ప్లానింగ్ పర్మిషన్‌కి విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేదు. నేల మీద నిలబెట్టే టర్బైన్ అయితే రెక్క కొస వరకు 11.1 మీటర్లు మించకూడదు. సరిహద్దు నుంచి దాని ఎత్తుకి ఇంకో పది శాతం కలిపినంత దూరం ఉండాలి. రెక్కలు తిరిగే వలయం వైశాల్యం 3.8 చదరపు మీటర్లు దాటకూడదు. ఇవి కాక ఇంకా షరతులున్నాయి, కానీ చూడటానికి న్యూజెర్సీ కన్నా తేలికే అనిపిస్తుంది. ఆ 3.8 అంటే ఎంతో చూడండి. వలయం అడ్డంగా 2.2 మీటర్లు, అంతే. సెకనుకి 5 మీటర్ల గాలి వీస్తే ఆ వలయంలోంచి పోయే మొత్తం శక్తి 290 వాట్ల దగ్గర ఉంటుంది. దాన్నంతా పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. చేతికి వచ్చేది వంద వాట్ల లోపే. మన ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఒకటి తిరుగుతుంది. ఫ్యాన్ తిప్పడానికి బయట ఇంకో ఫ్యాన్ అన్నమాట.

మళ్ళీ న్యూజెర్సీకి వద్దాం. అన్ని అనుమతులూ వచ్చేశాయి అనుకోండి, ఇక భయం లేదా? ఉంది. ఇక్కడే అట్లాంటిక్ సిటీ పక్కన బ్రిగంటైన్ అని సముద్రం ఒడ్డు ఊరు ఉంది. 1981లో ఒక కుటుంబం కరెంట్ బిల్లు తగ్గుతుందని 60 అడుగుల గాలిమర వేసుకున్నారు. బిల్డింగ్ పర్మిట్ తీసుకున్నారు. దొంగచాటుగా చేసింది ఏమీ లేదు. కానీ అది పక్కింటి సరిహద్దుకి పది అడుగుల దూరంలోనే ఉంది. అది తిరగడం మొదలైన కొద్ది రోజులకే ఇరుగుపొరుగు వాళ్ళకి నిద్ర లేదు, తల తిరుగుడు, చికాకు. కోర్టుకి వెళ్ళారు. ఆ ఊరి శబ్దం హద్దు 50 డెసిబెల్స్. కొలిస్తే అంతకు మించి వచ్చింది. 1982లో కోర్టు ఏమందంటే, ప్రత్యామ్నాయ విద్యుత్ మంచిదే, కానీ పక్కింటివాళ్ళ ప్రశాంతతని తీసేసేంత కాదు, ఇది న్యూసెన్సే అని ఆ గాలిమరని ఆపించింది.

నాకు ఈ కేసులో ముఖ్యంగా కనిపించేది పర్మిట్ సంగతి. పర్మిట్ అంటే ఊరు మీకు ఇచ్చిన అనుమతి. పక్కింటాయన హక్కుని అది మాఫీ చేయదు. ఇప్పుడు 150 శాతం చాలా ఎక్కువ, టర్బైన్ కూలితే దాని ఎత్తు మేరే కదా పడేది, వంద శాతం చాలదా అని వాదించేవాళ్ళు ఉన్నారు. కూలడం ఒక్కటే లెక్క అయితే వాళ్ళ మాట సబబే. కానీ శబ్దాన్ని కూడా కలుపుకుంటే ఆ అదనపు దూరం ఊరికే పోలేదని నాకనిపిస్తుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పది అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఎనభై అడుగులకి జరిపితే దూరం మూడుసార్లు రెట్టింపైనట్టు.

సెట్‌బ్యాక్ సరిపోకపోతే దారి పూర్తిగా మూసుకుపోలేదు. జోనింగ్ బోర్డుకి వెళ్ళి వేరియన్స్ అడగొచ్చు. విండ్, సోలార్ లాంటివి స్వతహాగా ప్రజలకి మేలు చేసేవే అని న్యూజెర్సీ 2009లో తన భూవినియోగ చట్టంలో రాసుకుంది. ఆ జోన్‌లో అసలు ఒప్పుకోని వాడకానికి వేరియన్స్ అడిగినప్పుడు అది బాగా పనికొస్తుంది. దానికి ఏడుగురు సభ్యుల్లో ఐదుగురు సరే అనాలి. కేవలం సెట్‌బ్యాక్ తగ్గించమంటే మామూలు మెజారిటీ చాలు. అయినా ఆ స్థలంలో ఏం ఇబ్బంది ఉంది, పక్కవాళ్ళకి ఏం నష్టం అని బోర్డు తూకం వేస్తుంది.

ఇక విచారణకి పది రోజుల ముందే, 200 అడుగుల లోపల ఉన్న ప్రతి స్థలం యజమానికీ మీరు నోటీసు పంపాలి. ఆ నోటీసే మొదటి పలకరింపు కాకూడదండి. సర్టిఫైడ్ మెయిల్ కవర్ చూసి విషయం తెలుసుకున్న మనిషి బోర్డు మీటింగ్‌కి కోపంగానే వస్తాడు. నెల ముందే ఇంటికి వెళ్ళి, డ్రాయింగ్ చూపించి, శబ్దం లెక్క చూపించి మాట్లాడండి. మన వీధుల్లో చాలాసార్లు పక్కిల్లు కూడా మనవాళ్ళదే. మనవాళ్ళే కదా అని చెప్పకుండా ఉండిపోవడం ఇంకా ప్రమాదం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హెచ్‌ఓఏ ఉన్న కమ్యూనిటీ అయితే టౌన్ ఒప్పుకున్నా అసోసియేషన్ నిబంధనలు వేరే ఉంటాయి. సోలార్ ప్యానెళ్ళకి రాష్ట్రం ఇచ్చిన రక్షణ ఉంది కదా అని దాన్ని టర్బైన్‌కి చూపించకండి, ఆ చట్టం మాట్లాడేది సోలార్ గురించి. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఉంటే 200 అడుగుల లోపు టవర్‌కి కూడా ఎఫ్‌ఏఏకి ముందుగా తెలియజేయాల్సి రావచ్చు. పెద్ద రన్‌వే అయితే వంద అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు చొప్పున లెక్క వేస్తారు. సమతలం మీద 100 అడుగుల సిస్టమ్ అయితే పది వేల అడుగుల లోపల ఉంటే నోటీసు ఇవ్వాలి. గై వైర్లతో నిలబెట్టే టవర్ అయితే, ఆ తీగల్ని నేలలో పాతే చోట్లకి కూడా సెట్‌బ్యాక్ ఉందా అని మీ టౌన్‌లో అడగండి.

మరి డిపాజిట్ సంగతి. ఆ పెద్దమనిషికి నేను చెప్పేది ఇది. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే ప్లాన్ బయటికి తీయండి. దాని మీద నడుమ ఒక చుక్క పెట్టి నాలుగు గోడలకీ దూరం కొలవండి. అన్నిటికంటే తక్కువ దూరాన్ని ఒకటిన్నరతో భాగించండి. వచ్చిన అంకె మీ చెట్ల కంటే 50 అడుగులు ఎక్కువ లేకపోతే డీలర్‌కి ఫోన్ కూడా చేయక్కర్లేదు, ఆ డబ్బుతో సోలార్‌కి వెళ్ళండి. ఉంటే అప్పుడు ఆ ప్లాన్ పట్టుకుని జోనింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి, చిన్న విండ్ సిస్టమ్స్‌కి మన టౌన్‌లో ప్రత్యేక ఆర్డినెన్స్ ఉందా, సెట్‌బ్యాక్ ఎక్కడి నుంచి కొలుస్తారు అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. డీలర్ కాంట్రాక్టులో "జోనింగ్ అనుమతి రాకపోతే డిపాజిట్ మొత్తం వాపసు" అని ఒక వాక్యం రాయించండి. ఆయన రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

వచ్చే వారం నెట్ మీటరింగ్ బిల్లు ఎలా చదవాలో చూద్దాం.