ఆదికాండం, పాపాఘ్ని రాళ్లు

కమలాపురం పక్కగా పారి పెన్నలో కలిసే పాపాఘ్ని పేరు భూగర్భశాస్త్రవేత్తలకు బాగా తెలుసు. కడప శిలల్లో అన్నిటికన్నా అడుగున ఉన్న పొరల వరుసను వాళ్లు ఈ నది పేరుతోనే పాపాఘ్ని గ్రూపు అంటారు. ఆ వరుసలో కింద గువ్వలచెరువు క్వార్ట్‌జైట్, దానిపైన వేంపల్లె డోలమైట్. ఏటికి ఎగువన వేంపల్లె ప్రాంతంలో ఈ డోలమైట్‌ను చూస్తే వంపులు తిరిగిన సన్నటి పొరలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. లోతు తక్కువైన సముద్రంలో సూక్ష్మజీవులు జిగట తెరలుగా పెరిగాయి. నీళ్లలోని సున్నాన్నీ ఒండ్రునూ పట్టుకుని, వాటి కింద కూరుకుపోకుండా మళ్లీ పైకి పెరుగుతూ పోయాయి. ఆ బతుకు మిగిల్చిన ఆనవాళ్లే ఇవి. తుమ్మలపల్లె గనిలో యురేనియం తీస్తున్నది కూడా ఈ వేంపల్లె పొరలనుంచే. వీటి వయసు తేల్చడానికి పులివెందుల దగ్గరి ఒక రాతిపట్టీ సాయపడింది. వేంపల్లె పొరలకు పైనున్న తాడిపత్రి పొరల్లోకి, అవి ఏర్పడిన తరవాత, శిలాద్రవం చొరబడి గట్టిపడగా వచ్చిన పట్టీ అది. అందులోని బడ్డెలియైట్ స్ఫటికాల్లో యురేనియం ఎంతమేరకు సీసంగా మారిందో కొలిచి, పట్టీ వయసు దాదాపు 188.5 కోట్ల ఏళ్లని 2008లో ప్రకటించారు. పై పొరలోకి ఆలస్యంగా వచ్చి చేరిందే అంత పాతదైతే, అడుగునున్న వేంపల్లె రాయి అంతకన్నా పాతదే అయితీరాలి. ఆ రాతిలో చేప ముల్లు లేదు, గవ్వ లేదు, ఆకు అచ్చు లేదు. అప్పటికి అవేవీ పుట్టలేదు.

ఇదే నేలమీద బైబిలు పఠనానికీ రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ 1822లోనే కడపలో పని మొదలుపెట్టింది. డార్విన్ ‘జాతుల ఉత్పత్తి’ వెలువడింది 1859లో. అప్పటినుంచీ ఒక ప్రశ్న చర్చిల్లోనూ తరగతి గదుల్లోనూ నలుగుతోంది: జీవులన్నీ ఒకే మూలం నుంచి మారుతూ వచ్చాయన్నది నిజమైతే, బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండం ఆ సంగతి ఎందుకు చెప్పలేదు? చెప్పలేదు కాబట్టి పరిణామం అబద్ధమని ఒకరు, ఆదికాండం అబద్ధమని ఇంకొకరు తేలుస్తారు. ఒకరికొకరు ఎదురు నిలిచినట్టు కనిపించినా ఇద్దరూ ఒకే మాట నమ్ముతున్నారు: సృష్టి గురించి మాట్లాడే గ్రంథం జీవశాస్త్రం చెప్పితీరాలని. ఆ నమ్మకానికి ఆదికాండంలోనే ఆధారం లేదని నా వాదన.

ముందు ఆదికాండం మొదటి అధ్యాయం ఎలా కట్టి ఉందో చూడాలి. మొదటి మూడు రోజుల్లో వెలుగు చీకట్లు, ఆకాశం, నీళ్లు, నేల వేరుపడతాయి. తరవాతి మూడు రోజుల్లో అదే వరుసలో జ్యోతులు, చేపలూ పక్షులూ, నేలమీది జంతువులూ మనిషీ వచ్చి వాటిని నింపుతాయి. మొదటి రోజే వెలుగు ఉంది, సూర్యుడు మాత్రం నాలుగో రోజుకు గాని రాడు. సూర్యుడు లేకుండా సాయంత్రం ఎలా అయిందన్న సందేహం రాసినవాళ్లకు తట్టలేదనుకోవడం వాళ్లను తక్కువ చెయ్యడమే. రెండో అధ్యాయంలో వరుస మళ్లీ మారుతుంది. అక్కడ మనిషి ముందు, తోటా జంతువులూ తరవాత. ఈ రెండు కథనాలనూ పక్కపక్కన ఉంచి తరతరాలుగా కాపాడినవాళ్లు కాలక్రమ పట్టిక తయారు చేస్తున్నామని అనుకుని ఉండరు.

మరి వాళ్లు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారు? దానికి సాక్ష్యం బాబిలోను వైపునుంచి దొరికింది. 1876లో జార్జ్ స్మిత్ నినెవె శిథిలాల్లో దొరికిన మట్టిపలకల నుంచి బాబిలోనియన్ల సృష్టికథను ఇంగ్లిష్‌లో అచ్చువేశాడు. ‘ఎనూమా ఎలిష్’ అనే ఆ కావ్యంలో దేవతలు కొట్టుకుంటారు. ఓడి చచ్చిన ఒక దేవుడి నెత్తురుతో మనుషుల్ని చేస్తారు. దేవతల చాకిరీ మొయ్యడానికే మనిషి పుట్టాడు. ఈ కథ పక్కన పెట్టి చదివితే ఆదికాండం మొదటి అధ్యాయం పదును తెలుస్తుంది. ఇక్కడ యుద్ధం లేదు. చుట్టుపక్కల జనం కొలిచే సూర్యచంద్రులకు ఇక్కడ పేరైనా దక్కలేదు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అనిపించుకుని పగటికీ రాత్రికీ దీపాలుగా మిగిలారు. మనిషి బానిస కాడు, దేవుని స్వరూపం. ఆ రోజుల్లో స్వరూపమన్న గౌరవం రాజులకు దక్కేది, ఇక్కడ ఆడా మగా అందరికీ దక్కింది. రాజ్యాల మధ్య నలిగిన ఒక చిన్న జాతికి ఇది ప్రాణమంత ముఖ్యమైన సంగతి. జీవజాతులు మారతాయా మారవా అన్నది వాళ్ల ప్రశ్నే కాదు. పట్టాదారు పాసుపుస్తకం చేను ఎవరిదో చెబుతుంది. ఆ చేలో పొటాష్ ఎంతుందో తెలియాలంటే భూసార పరీక్ష చేయించాలి. పాసుపుస్తకంలో పొటాష్ అంకె లేదని దాన్ని దొంగ కాగితం అనేవాళ్లుండరు.

ఇక్కడ కొందరు వేరే దారి పడతారు. ఆరు రోజులంటే ఆరు యుగాలనీ, నీళ్లలో జీవులు ముందు, మనిషి చివర రావడం పరిణామ క్రమమేననీ అంటారు. మంచి ఉద్దేశంతో చెప్పే మాటే అయినా నిలబడదు. ఆదికాండంలో పండ్లచెట్లు మూడో రోజు, పక్షులు ఐదో రోజు, నేలమీది జంతువులు ఆరో రోజు. శిలాజాల్లో పూలు పూసే మొక్కలు చేపలకన్నా ఎంతో వెనక వస్తాయి. పక్షులు నేలమీద తిరిగిన డైనోసార్ల నుంచే వచ్చాయి. ఈ పొంతన కుదిర్చే ఆశ క్రైస్తవులకే పరిమితం కాదు. 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వైస్ చాన్సలర్ డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలే మెరుగని చెప్పారు. ఏ మతంలోనైనా దీనివల్ల నష్టం ఒకటే. సైన్సు తన లెక్క సవరించుకున్న ప్రతిసారీ గ్రంథానికి కొత్త అర్థం అతికించాల్సి వస్తుంది, ఆ గ్రంథం నిజంగా చెబుతున్నది మరుగున పడుతుంది.

సర్వజ్ఞుడైన దేవుడు ఒక్క సూచనైనా ఇచ్చి ఉండకూడదా అని అడగవచ్చు. ఎంత సూచన సరిపోతుంది? జన్యువు గురించి చెప్పాలంటే కణం గురించి చెప్పాలి, కణం గురించి చెప్పాలంటే సూక్ష్మదర్శిని కావాలి. గొర్రెలు మేపుకునేవాళ్లకు అర్థంకాని వాక్యం వాళ్లకు ఏ వెలుగూ ఇవ్వదు. డార్విన్ దెబ్బకు సర్దుకుని చెబుతున్న మాట ఇదని నాస్తిక మిత్రులు అనవచ్చు. చరిత్ర అలా లేదు. క్రైస్తవ వేదాంతి జాన్ కాల్విన్ 1554లోనే తన ఆదికాండ వ్యాఖ్యానంలో ఈ విషయం తేల్చాడు. చంద్రుడి కన్నా శని గ్రహం పెద్దదని ఖగోళజ్ఞులు రుజువు చేశారని ఒప్పుకుని, మోషే మామూలు జనం కంటికి కనబడేదాన్ని రాశాడనీ, ఖగోళశాస్త్రం కావలసినవాళ్లు వేరే చోట నేర్చుకోవాలనీ చెప్పాడు. అంతకు పదకొండు వందల ఏళ్ల ముందు అగస్టీన్ ఆ ఆరు రోజులు మనం ఎరిగిన రోజులు కావని వాదించాడు. ప్రకృతి గురించి తెలియని సంగతులు గ్రంథం పేరుతో చెప్పి అవిశ్వాసుల ముందు నవ్వులపాలు కావద్దని తన తోటి క్రైస్తవులను గట్టిగా మందలించాడు కూడా. భూమి వయసు ఆరువేల ఏళ్లేనని, శిలాజాలన్నీ జలప్రళయం మిగిల్చినవేనని ఇవాళ వినిపించే వాదానికి ఇంత ప్రచారం వచ్చింది 1961లో అమెరికాలో అచ్చయిన ఒక పుస్తకం తరవాతనే. దాన్ని అనాదిగా వస్తున్న విశ్వాసమని మన పిల్లలకు చెప్పడం అన్యాయం. యురేనియం సీసంగా మారే వేగం తెలిశాక ఆ వాదానికి పులివెందుల రాయి దగ్గర చోటు లేదు.

నిజంగా బరువైన అభ్యంతరం మనిషి గురించినది. బేతంచెర్ల దగ్గరి బిళ్లసర్గం గుహల్ని 1880 దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వారు. ఆ పనికి మద్రాసు గవర్నర్‌ను పురికొల్పింది డార్విన్ పక్షాన పోరాడిన థామస్ హక్స్‌లీనే. గుహల్లో దొరికిన ఎముకల్లో ఈనాడు కర్నూలు సీమలో కానరాని ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. అదే సీమలోని జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ప్రకటించింది. మనిషి చరిత్ర అంత పొడుగైతే ఆదాము ఎవరు, పాపం ఎక్కడ మొదలైంది, పౌలు తన పత్రికల్లో ఆదామును క్రీస్తుకు ఎదురుగా నిలిపి చెప్పిన దానికి ఆధారమేమిటి? ఇవి తేలిగ్గా తోసెయ్యగల ప్రశ్నలు కావు. పరిణామాన్ని పరిశీలించవచ్చని 1950లో ఒప్పుకున్న పన్నెండో పయస్ పోప్ కూడా మానవులంతా ఒకే ఆదాము సంతతి అన్నదాన్ని వదులుకోలేదు. వేదాంతులు ఈ చిక్కును ఇంకా విప్పుతూనే ఉన్నారు. విప్పవలసినది కూడా వాళ్లే. జ్వాలాపురం బూడిద ఎన్నేళ్ల కిందటిదో మాత్రం ఆ చర్చ ఎటు తేలినా మారదు.