మీకు తెలుసా? వెండి విమానం మీద దాక్కునే పొర!

రేణిగుంటలో చెన్నై రైలెక్కితే దారిలోనే వస్తుంది అరక్కోణం. అక్కడి నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళి నుంచి 2017 దాకా వెండిలా మెరిసే టీయూ-142 విమానాలు ఎగిరేవి! వాటిలో ఒకటి ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియం. పొడవు 53 మీటర్లు. 1/72 స్కేలులో బొమ్మ చేసినా సుమారు 74 సెంటీమీటర్లు! టీవీ స్టాండు చాలదు మరి!

బొమ్మ చేయడం ఒక ఎత్తు, దాని మీద గుర్తులు అతికించడం ఇంకో ఎత్తు! గుండ్రటి మూడు రంగుల ముద్ర, అక్షరాలు, నంబర్లు అన్నీ డెకాల్స్‌గా, అంటే తడిపి అతికించే గుర్తులుగా వస్తాయి. నీళ్లలో 15 సెకన్లు ముంచి తీసి, ఓ నిమిషం ఆగండి. కాగితం మీద నుంచి జారి వచ్చేస్తాయి! కానీ ప్రతి గుర్తు చుట్టూ ఓ పారదర్శకమైన పొర ఉంటుంది. వెండిరంగు మీద? తెల్లటి మచ్చలా పట్టిచ్చేస్తుంది!

ఇక్కడే అసలు రహస్యం! ఇలా వినండి. ఆ తెల్లదనం పొరది కాదు, పొర కింద చిక్కుకున్న గాలిది! పొర నుంచి గాలిలోకి దాటే ప్రతిచోటా వెలుగులో దాదాపు 4 శాతం వెనక్కి తిరిగొస్తుంది. గరుకు రంగు మీద అలాంటి బుల్లి గాలి గుంటలు లెక్కలేనన్ని. అన్నీ కలిసి తెల్లగా మెరుస్తాయి! నమ్మరా? బాత్‌రూమ్ కిటికీకి ఉండే గరుకు అద్దం మీద నీళ్లు చల్లి చూడండి. గుంటలు నిండగానే అవతల ఏముందో కనిపిస్తుంది! సూత్రం అదే.

అందుకే డెకాల్ కన్నా ముందు నున్నటి క్లియర్ పూత! ఆ పైన, డెకాల్ బాగా అతుక్కునేలా సెట్టింగ్ ద్రవం. కొన్నిటి వాసన చూస్తే ఎక్కడో తెలిసినట్టుంటుంది. అవును, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లమే! వంటింటి సీసాలో అది సుమారు 4, 5 శాతం.

తర్వాత మెత్తబరిచే ద్రవం రాస్తారు. చూస్తుండగానే డెకాల్ ముడతలు పడిపోతుంది! గుండె జారిపోతుంది! వేలు పెట్టారో, అయిపోయింది. వదిలేస్తే అదే సర్దుకుని, రేకుల అతుకుల్లోకి దిగి కూర్చుంటుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే!

అంచు సంగతి తెలుసా? బొమ్మ మీద 0.05 మిల్లీమీటర్ల మెట్టు కంటికి ఆనదనుకుంటాం. 72తో హెచ్చవేయండి. అసలు విమానం మీద 3.6 మిల్లీమీటర్లు! అంత మందం స్టిక్కరేసుకుని ఏ విమానం ఎగురుతుంది చెప్పండి?

పొర అంచును బ్లేడుతో కత్తిరిస్తే సరి అంటారు. సగమే నిజం! ఇంగ్లిష్‌లో ‘ఇండియన్ నేవీ’ అని రాస్తే 10 అక్షరాలు. వాటి మధ్య ఖాళీల్లోనూ పొర ఉంటుందిగా! దానికి మందు ఒకటే: డెకాల్ ఆరాక బొమ్మ మొత్తం మీద ఒకే క్లియర్ పూత. మెరుపు అంతటా ఒకేలా ఉంటే కంటికి అంచు దొరకదు!

మన తిరుపతి, చిత్తూరు ఎండలకో ప్రత్యేక హెచ్చరిక! మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం స్ప్రే కొడితే, రంగు బొమ్మను చేరేలోపే సగం ఆరిపోతుంది. ఇసుక చల్లినంత గరుకు! మళ్లీ గాలి గుంటలే! పొద్దున్నే పని కానిచ్చేయండి.

ఇక చివరి మాట. కొన్ని వెండి రంగులు పైపూత పడగానే బూడిదరంగుకు తిరుగుతాయి! అతికించిన ఒక్క డెకాల్‌ను కూడా మళ్లీ చెక్కుచెదరకుండా లేపలేం. కాబట్టి రంగు, ద్రవం, పూత మూడూ ముందు పాత కిట్ రెక్క మీద వేసి చూసుకోండి!